శాంతి సరేనన్న రోజు

చందర్లపాడు,
మంగళవారం.

బుడ్డమ్మా,

నీకు ప్రభువు తోడుండాలని కోరుకుంటూ అమ్మ రాస్తున్న ఉత్తరం. ఫోనుండగా ఇదేంటని అనుకుంటావు. ఫోనులో నువ్వు "అమ్మా" అనగానే నాకు తమ్ముడే గుర్తొస్తాడు. ఆ తర్వాత ఏదో ఒక మాట అనేస్తాను. నువ్వు ఊరుకుంటావు. నువ్వు ఊరుకునేకొద్దీ నాకు కోపం పెరుగుతుంది. మొన్న ఆదివారం కూడా అంతే అయింది కదా. కాగితం మీదైతే తప్పు మాట కొట్టేసుకోవచ్చు. ఐదో తరగతితో ఆపేసినదాన్ని, బైబిలు చదవడమే తప్ప రాసే అలవాటు పోయింది. వంకరగా ఉన్నచోట నువ్వే సరిచేసుకుని చదువుకో.

నిన్ను ఒకటే అడగాలి. తమ్ముడు శాంతిని ఆ కిడ్నీ మందు ట్రయల్‌లో చేర్పించింది నువ్వేనా?

అడిగావు కదమ్మా, చెప్పాను కదా అంటావు. ఆస్పత్రిలో పడుకోబెట్టాకే నాకు తెలిసిందన్నావు. పొద్దున పూట నీ మాట నమ్ముతాను. పత్తిచేలో నలుగురితో కలిసి తీస్తున్నంతసేపూ నమ్ముతాను. ఇంటికొచ్చి గుమ్మం పక్కన వాడి చెప్పులు చూశాక నమ్మలేను. ఆ ట్రయల్ కాగితాల పైన ఉన్న గుర్తూ, నువ్వు మెడలో వేసుకునే కార్డు తాడు మీద ఉన్న గుర్తూ ఒకటే. వాడు ఆ కాగితాలు తెచ్చిన రోజు నేనే ముందు ఆ గుర్తు పట్టాను. సంతోషపడ్డాను కూడా. మన అమ్మాయి వాళ్ళ కంపెనీయేనంట అని మీ నాన్నకి చెప్పాను, నీకు తెలిసే ఉంటుందని నిన్ను అడగలేదు. ఇప్పుడు అదే గుర్తు కళ్ళు మూసుకున్నా కనబడుతుంది.

వాడు పోయాక పెట్టిన ఆదరణ కూడికలో అందరి ముందూ, మీ కంపెనీయే నా బిడ్డని తీసుకుపోయిందని అన్నాను. నువ్వు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. షామియానా వాళ్ళతో కలిసి కుర్చీలు మడిచి పెట్టి నందిగామ బస్సెక్కి వెళ్ళిపోయావు. తప్పు లేనివాళ్ళు అలా వెళతారా, తప్పు చేసినవాళ్ళు అలా వెళతారా అని ఆ రోజు నుంచీ ఆలోచిస్తున్నాను. ఏదీ తేలడం లేదు.

అసలు నీ పనేంటో నాకెప్పుడూ సరిగా అర్థం కాలేదు. ఊళ్ళో అడిగితే మందుల కంపెనీ అని చెప్పేదాన్ని. కాదమ్మా, మందు చేసేవాళ్ళు వేరు, అది పనిచేస్తుందో లేదో ఆస్పత్రుల్లో చూసిపెట్టమని మాకు కాంట్రాక్టు ఇస్తారు అని ఎన్నిసార్లు చెప్పావో. నాకు కాంట్రాక్టంటే రోడ్లు వేసేవాళ్ళే తెలుసు. రోడ్డైతే పడిందో లేదో కళ్ళకి కనబడుతుంది.

తమ్ముడు జగ్గయ్యపేట గది నుంచి ఇంటికొచ్చి ఆ బిళ్ళలు మింగడం మొదలుపెట్టాక నాకు ఇంకా గందరగోళం అయింది. బిళ్ళలు మింగాక ఖాళీ అట్టలు కూడా పట్టుకెళ్ళి ఇవ్వాలంట. నాకు తెలియక ఊడ్చి చెత్తకుప్పలో పారేశాను. వాడు కర్ర పట్టుకుని కుప్పంతా కెలికాడు. అంతలో నందిగామ ఆస్పత్రిలో మీ కంపెనీ తరఫున పనిచేసే ఆ కల్యాణ్ అనే అబ్బాయి బండేసుకుని వచ్చి వాడూ ఒక కర్ర తీసుకున్నాడు. పక్కింటి ప్రేమానందం గోడ మీద నుంచి చూసి, "ఏంది శాంతీ, ఖాళీ అట్టలు కూడా కొంటన్నారా? మా ఇంట్లో బస్తాడున్నాయి, మా ఆవిడ బీపీవి" అన్నాడు. ముగ్గురూ పడీపడీ నవ్వారు. నా బిడ్డ అంత నవ్వడం అదే ఆఖరు.

ఆ నవ్వుల మధ్యలోనే కల్యాణ్ ఒక మాట అన్నాడు. చేరిన వాళ్ళలో సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త బిళ్ళ ఇస్తారంట. ఎవరికి ఏది అన్నది మింగేవాడికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకీ తెలియదు. మామూలుగా వాడే కిడ్నీ మందులు మాత్రం అందరికీ ఇస్తారని కూడా అన్నాడు. అది నాకు ఆ రోజు చెవికెక్కలేదు. ఇప్పుడు ఉత్త బిళ్ళ ఒక్కటే చెవిలో తిరుగుతుంది. రోగమున్న బిడ్డకి ఏమీ లేని బిళ్ళ ఇచ్చి, ఏమవుతుందో రాసుకునే పని ఏం పని తల్లీ? నువ్వు నెలనెలా ఊళ్ళు తిరిగేది ఆ రాసింది సరిగ్గా ఉందో లేదో చూడటానికేనా? మా వాడికి పడింది ఏదని అడిగితే కల్యాణ్ తెలియదంటాడు. డాక్టరు తెలియదంటాడు. నువ్వూ తెలియదంటావు. ఇంతమంది చదువుకున్నవాళ్ళకి తెలియంది ఎవరికి తెలుస్తుంది మరి?

ఒకటి మాత్రం కల్యాణ్ నోటి నుంచి తెలిసింది. మీ తమ్ముడు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టేటప్పుడు వీడియో తీశారంట. చదువు తక్కువ వాళ్ళ దగ్గరా లేనివాళ్ళ దగ్గరా అలా తీయాలని రూలంట. మన దగ్గర వాడి ఫొటోలున్నాయి, మాట్లాడేది ఒక్కటి కూడా లేదు. నాకు ఆ వీడియో చూడాలనుంది. వాడి గొంతు వినాలని ఒకటి. తెలిసే ఒప్పుకున్నాడా, తెలియక ఒప్పుకున్నాడా అనేది ఇంకొకటి. ఆ రెండోది తేలకపోతే నాకు నిద్ర రాదు. నువ్వు కంపెనీలో ఉన్నదానివి, అది తెచ్చి నాకు చూపించు.

తెచ్చాక ఆ ఉద్యోగం మానెయ్యి. ఇంటికి వచ్చెయ్యి. తమ్ముడు పోయిన చోట నువ్వు జీతం తీసుకుంటుంటే నాకు నోట్లో ముద్ద దిగదు.

మీ అమ్మ,
కృపావతి.


చందర్లపాడు,
శనివారం.

బుడ్డమ్మా,

నీ ఉత్తరం అందింది. పోస్టతను నా చేతిలో పెట్టి, ఈ రోజుల్లో కూడా రాసే పిల్లలున్నారా అన్నాడు. ఒకసారి నేను చదువుకున్నాను, ఒకసారి మీ నాన్నకి చదివి వినిపించాను. మీ నాన్న అంతా విని, "పిల్ల ఎంత చిక్కిపోయిందో రాతలోనే తెలుస్తంది" అన్నాడు. నాకు అది కనబడలేదు. నాకు కనబడింది ఒకటే, నువ్వు తేను అన్నావు.

ఆస్పత్రికి వెళ్తే నీకొక చిన్న గది ఇస్తారనీ, అందులో కూర్చుని ప్రతి సంతకం కింద తారీఖు సరిగా ఉందో లేదో, మందులు పెట్టిన ఫ్రిజ్జు చల్లగా ఉందో లేదో చూస్తావనీ రాశావు. తప్పు పడితే ఒక్క గీత గీసి పక్కన పేరు రాయాలి గానీ రుద్ది చెరపకూడదనీ రాశావు. ఇలాంటి వీడియోలు కూడా చూస్తావని రాశావు. మనిషి ముఖం కనబడుతుందా, గొంతు వినబడుతుందా, అర్థమైందని తన నోటితో అన్నాడా అని చూసి, అన్నీ ఉంటే సరిపోయిందని రాస్తావంట. తమ్ముడిది మాత్రం చూడకూడదంట, అక్కవి కాబట్టి. వాడి సంగతి బయటపడ్డాక కంపెనీ వాళ్ళే వాడి ఫైలు నీకు తెరుచుకోకుండా తాళం వేసేశారంట. చూస్తే ఉద్యోగం పోతుందని కాదమ్మా, తమ్ముడిచ్చిన వివరాలన్నీ పనికిరాకుండా పోతాయని భయం అన్నావు.

ఎంతమంది తల్లులు కన్న బిడ్డల వీడియోలు చూసి ఉంటావు నువ్వు. నీ తోడబుట్టినవాడిది ఒక్కటి చూడటానికి నీకు హక్కు లేదా? ఇది న్యాయమో అన్యాయమో కూడా నాకు తెలియడం లేదు. న్యాయమేనేమో.

నువ్వు తేనన్నావు కాబట్టి నేనే బయల్దేరాను. మీ నాన్న వద్దన్నాడు. పోయినవాడు ప్రభువు దగ్గర ఉన్నాడు, వీడియోలో ఏముంటదే అన్నాడు. అంటూనే చొక్కా వేసుకుని వెంట వచ్చాడు.

ఆస్పత్రిలో కల్యాణ్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పాపం ఆ అబ్బాయికి మీ తమ్ముడి వయసే ఉంటుంది. ఆంటీ, నీళ్ళు తాగుతారా అని మూడు గ్లాసులు తెచ్చాడు, ఉన్నది మేమిద్దరమే. డాక్టరు చంద్రమౌళి గారు కూర్చోబెట్టి నెమ్మదిగానే మాట్లాడారు. జబ్బు మందుల కంటే ముందు పరిగెత్తింది, మా ప్రయత్నం మేం చేశాం అన్నారు. వీడియో సంగతి అడిగితే ముఖం కొంచెం బిగుసుకుంది. అది బయటికి చూపించేది కాదమ్మా, పేషెంటు గుట్టు అందులో ఉంటుంది అన్నారు.

నేను, "కన్నదాని దగ్గర గుట్టేంటండి?" అన్నాను.

ఆయన కాగితాలు తిరగేసి, శాంతికుమార్ నామినీగా నీ పేరే రాశాడమ్మా అన్నారు. నామినీ అంటే ఏంటండీ అని అడిగాను. ఏమన్నా అయితే మేం ఎవరితో మాట్లాడాలో ఆ మనిషి అన్నారు. "అయితే మాట్లాడండి" అన్నాను. మీ నాన్న నా మోచెయ్యి పట్టుకుని లాగాడు గానీ డాక్టరు గారికి కోపం రాలేదు. ఆస్పత్రికి ఒక కమిటీ ఉందనీ, ఇలాంటివన్నీ వాళ్ళు చూస్తారనీ, అర్జీ రాస్తే అడిగి చూస్తాననీ అన్నారు. అక్కడే కూర్చుని రాశాను. ఒకచోట తప్పు పోతే నువ్వు రాసినట్టే ఒక్క గీత గీసి పక్కన పేరు రాశాను. కల్యాణ్ అది చూసి, మీకెవరు నేర్పారు ఆంటీ అని ఆశ్చర్యపోయాడు. మా అమ్మాయి అని చెప్పాను. ఎందుకో ఆ మాట గట్టిగా వచ్చింది.

ఇంక నీ ఉత్తరం చివరి ముక్క. నీకు అంత బాధగా ఉంటే మానేస్తానమ్మా, నెలాఖరులోపు రాజీనామా ఇస్తాను అన్నావు. ఆ ముక్క రెండోసారి చదవలేదు, ఎక్కడ మారిపోతుందోనని. ఇచ్చెయ్యి. నందిగామలో ఒక స్కూల్లో సైన్సు చెప్పడానికి మనిషి కావాలంట, మన సంఘంలోనే ఒకరు చెప్పారు. నీ మంచం ఎండలో వేసి నులక బిగించాను. వచ్చెయ్యి తల్లీ.

మీ అమ్మ,
కృపావతి.


జగ్గయ్యపేట,
తమ్ముడి గదిలో నుంచి.

బుడ్డమ్మా,

కమిటీ వాళ్ళు ఒప్పుకున్నారు. ఇవాళ వీడియో చూశాను. చూసి ఇంటికి వెళ్ళలేకపోయాను. మీ నాన్నని చందర్లపాడు బస్సెక్కించి, గదిలో తమ్ముడి సామాను తీసే పని ఉందని చెప్పి జగ్గయ్యపేట వచ్చాను. పనికి వెళ్ళే రోజుల్లో వాడితో ఈ గదిలో ఉన్న దేవరాజు సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాడు, సాయంత్రం వస్తాడంట. ఇంటావిడ తాళం తీసిచ్చింది.

ఇప్పుడు ఏమీ రాయలేను. ఒక్కటే చెబుతాను. రాజీనామా ఇంకా ఇవ్వకపోయి ఉంటే ఇవ్వకు. నా ఇంకో ఉత్తరం అందేదాకా ఆగు.

అమ్మ.


చందర్లపాడు,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

బుడ్డమ్మా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

ఆస్పత్రిలో పైనున్న గదిలో కూర్చోబెట్టారు. డాక్టరు గారు, కల్యాణ్, మేమిద్దరం, ఇంకా సుబ్బమ్మ గారని ఒక పెద్దావిడ. రిటైరైన తెలుగు టీచరంట. కమిటీలో డాక్టర్లూ లాయర్లే కాకుండా మామూలు మనిషి కూడా ఒకరు ఉండాలంట, ఆ మామూలు మనిషిని నేనే అమ్మా అని నవ్వింది. నా పక్కనే కూర్చుంది. సెల్ ఫోన్లు బయట పెట్టించారు. ఇక్కడే చూడాలి, కాపీ ఇవ్వరు అని ముందే చెప్పారు. సరేనన్నాను.

వీడియోలో ముందు ఖాళీ కుర్చీ. ఆ తర్వాత మీ తమ్ముడు వచ్చి కూర్చున్నాడు. నువ్వు క్రిస్మస్‌కి కొన్న గళ్ళ చొక్కా. ముఖం అప్పుడు ఉబ్బి ఉందని ఆ రోజుల్లో నాకు తెలియలేదు, అందులో తెలిసింది. ఆధార్ కార్డు ఇటు చూపించమంటే తలకిందులుగా చూపించి, నవ్వి, తిప్పాడు. మీ నాన్న ఆ నవ్వు చూడగానే లేచి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ లోపలికి రాలేదు. ఆ తర్వాతంతా నేను ఒక్కదాన్నే చూశాను.

కల్యాణ్ కనబడడు, గొంతే వినబడుతుంది. కాగితం చదువుకుంటూ పోయాడు. ఒక లారీ హారను కొడితే అది పోయేదాకా ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ అబ్బాయి తప్పేమీ లేదమ్మా, అది నేను ప్రమాణం చేసి చెబుతాను. ఉత్త బిళ్ళ సంగతి కూడా చెప్పాడు. "మీకు అసలు మందు రావచ్చు, మందు లేని బిళ్ళ రావచ్చు. ఏది వచ్చేదీ మీకూ నాకూ డాక్టరు గారికీ తెలియదు. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానుకోవచ్చు. అర్థమైందా అండి?" అన్నాడు.

మీ తమ్ముడు, "ఆఁ, అర్థమైందండి" అన్నాడు.

అంటూ చొక్కా రెండో గుండీ పట్టుకుని తిప్పుతున్నాడు. నీకు గుర్తుందో లేదో, సండే స్కూల్లో వాక్యం కంఠతా రానప్పుడు వాడు ముందు వచ్చండీ అనేసి, గుండీ పట్టుకుని అది ఊడేదాకా తిప్పేవాడు. వాడి గుండీలు నేను కుట్టినన్ని ఈ ఊళ్ళో ఏ తల్లీ కుట్టి ఉండదు. నాలుగు చోట్ల కల్యాణ్ అర్థమైందా అని అడిగాడు, నాలుగు చోట్లా వాడి చెయ్యి గుండీ మీదికే వెళ్ళింది.

చివర్లో కల్యాణ్, ఏమన్నా అడగాలనుకుంటే అడగండి అన్నాడు. ఇది నీకు రాయాలా వద్దా అని జగ్గయ్యపేట నుంచి వస్తూ దారంతా ఆలోచించాను. రాయకపోతే నీకు మేలు చేసినట్టో, కీడు చేసినట్టో నాకు తెలియలేదు. పరిటాల నుంచి వచ్చిన ఒక పెద్దామె బస్సులో నా పక్కన కూర్చుని, ఏంటమ్మా నీలో నువ్వే మాట్లాడుకుంటున్నావు అని అడిగింది కూడా. రాస్తున్నా, విను.

వాడు కాగితం పైనున్న గుర్తు మీద వేలు పెట్టి, "ఇది మా అక్క కంపెనీనేనండి. మా అక్క ఇందులోనే చేస్తది. ఇంకేం అడగాలండి" అన్నాడు.

కల్యాణ్, "అక్కగారికి చెప్పారా?" అన్నాడు.

"తగ్గినాక చెప్తానండి. ఇప్పుడు చెప్తే వంద ప్రశ్నలేస్తది" అని నవ్వాడు. ఆ నవ్వుతోనే సంతకం పెట్టాడు.

కాబట్టి నువ్వు నాకు చెప్పింది నిజం. నీకు తెలియదు. ఇంక ఆ మాట నేను పొద్దున ఒకలాగా సాయంత్రం ఒకలాగా అనుకోను. కూడికలో అందరి ముందూ అన్నాను కాబట్టి ఇవాళ గుడిలో సాక్ష్యం చెప్పేటప్పుడు అందరి ముందూ చెప్పేశాను, నా కూతురికి ఏమీ తెలియదని. ప్రేమానందం ఆమెన్ అన్నాడు, అందరికంటే ముందు.

వీడియో అయిపోయాక డాక్టరు గారు, చూశావు కదమ్మా, అన్నీ అడిగే చేశాం అన్నారు. అవునండి, మీరు అన్నీ చెప్పారు, మా వాడికి మాత్రం అర్థం కాలేదండి అన్నాను. అర్థమైందని నాలుగుసార్లు అన్నాడు కదమ్మా అన్నారాయన. గుండీ సంగతి చెప్పాను. ఆయన అది ఏ కాగితంలో రాసుకోవాలో తెలియనట్టు చూశారు. సుబ్బమ్మ గారు మాత్రం తన నంబరు ఒక కాగితం ముక్క మీద రాసి నా చేతిలో పెట్టింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. తెలియక ఒప్పుకున్నాడు అని తేల్చుకుని ఏడ్చేదాన్ని. జగ్గయ్యపేటలో సాయంత్రం దేవరాజు వచ్చాడు. ఒళ్ళంతా సిమెంటు దుమ్ము, కళ్ళు ఒక్కటే నల్లగా కనబడుతున్నాయి. నన్ను చూసి గుమ్మంలోనే కూలబడ్డాడు. మా వాడికి ఉత్త బిళ్ళల సంగతి తెలుసా బాబూ అని అడిగాను.

"ఎందుకు తెల్దమ్మా, వాడే నాకు చెప్పాడు. సగం మందికి ఉత్తయ్యే ఇస్తారంటరా అన్నాడు. మరి నీకు ఉత్తది వస్తే ఎట్టారా అన్నా. ఎట్టా వచ్చుద్దిరా, మా అక్క కంపెనీ, మా అక్క నాకు ఉత్త బిళ్ళ రానిస్తదా అన్నాడు" అని చెప్పాడు.

అది విన్నాక వాడి మంచం మీద కూర్చుండిపోయాను. దేవరాజు టీ తెచ్చి పెట్టాడు, చల్లారిపోయింది.

ఇప్పుడు చెప్పు తల్లీ. వాడికి అర్థమైందా, కాలేదా? సగం మందికి అని అర్థమైంది. ఆ సగంలో తను ఉండవచ్చని అర్థం కాలేదు. నువ్వు ఉన్నావు కాబట్టి తనకేం కాదనుకున్నాడు. నువ్వేమో వాడు అక్కడ ఉన్నాడని కూడా తెలియకుండా ఉన్నావు. వాడు నిన్ను నమ్మాడు, నువ్వు వాడికి ద్రోహం చెయ్యలేదు. రెండూ నిజమే. రెండు నిజాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటే నాకు ఏమీ పాలుపోవడం లేదు. తప్పు ఎవరిదని వెతుక్కుంటూ బయల్దేరినదాన్ని, ఎవరి దగ్గరా దొరక్క వెనక్కి వచ్చాను. వాడికి పడింది అసలు మందో ఉత్తదో ట్రయల్ అంతా ముగిశాక చెబుతామన్నారు. చెప్పినప్పుడు వింటాను. వినడానికి భయంగానూ ఉంది, వినాలనీ ఉంది.

ఈ మాట చదివి నువ్వేం చేస్తావో నాకు తెలుసు. నావల్లే పోయాడని ఒక మూల కూర్చుంటావు. అలా కూర్చోవద్దనే ఇంత దూరం రాశాను. నేను నిన్ను ఒకసారి నలుగురిలో అనేశాను, ఇంక నిన్ను నువ్వు అనుకోవద్దు. నమ్మడం వాడి తప్పు కాదు, నమ్మించుకోవడం నీ తప్పు కాదు. అక్కలంటే తమ్ముళ్ళకి అంతే.

ఉద్యోగం మానొద్దు. రాజీనామా ఇచ్చి ఉంటే వెనక్కి ఇవ్వమని అడుగు. మానెయ్యి మానెయ్యి అన్నదాన్ని నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. అమ్మకి మతి పోయిందనుకున్నా సరే. ఆ గది మంచం మీద కూర్చుని నేను ఆలోచించింది ఇది. నువ్వు మానేస్తే నీ కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. ఎవరి బిడ్డో గుండీ తిప్పుకుంటూ అర్థమైందండి అంటాడు. ముఖం కనబడింది, గొంతు వినబడింది, సరిపోయింది అని రాసేసి వాళ్ళు బస్సెక్కుతారు. వాళ్ళ తప్పు కూడా కాదు, వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నీకు చెప్పారు. మీ తమ్ముడు చెప్పాడు.

సుబ్బమ్మ గారికి ఫోను చేసి దేవరాజు అన్నది చెప్పాను. ఆవిడ, ఇది కమిటీలో పెడతానమ్మా అంది. అర్థమైందా అని కాకుండా, ఏం అర్థమైందో నీ మాటల్లో చెప్పు అని అడిగించాలంట. ఉత్త బిళ్ళ నీకే వస్తే ఏం చేస్తావు అని కూడా అడిగించాలంట. నేను ఇంకొకటి కలపమన్నాను. మీ వాళ్ళెవరైనా ఈ కంపెనీలోగానీ ఆస్పత్రిలోగానీ ఉన్నారా, వాళ్ళని చూసి ఒప్పుకుంటున్నావా అని అడగమన్నాను. ఎవరున్నా బిళ్ళ మారదు బాబూ అని గట్టిగా చెప్పమన్నాను. ఆవిడ రాసుకున్నానంది. నువ్వు వెళ్ళే ఆస్పత్రుల్లో నువ్వు చెప్పు. పై వాళ్ళు వింటారో లేదో నాకు తెలియదు. వినకపోతే వంద ప్రశ్నలు వెయ్యి. అది నీకు బాగా వచ్చని మీ తమ్ముడే అన్నాడు.

మీ నాన్న బాగానే ఉన్నాడు. వీడియోలో మిగతాది ఏముందని ఇంతవరకు అడగలేదు. ఈ ఉత్తరం పోస్టు చేసేలోపు చదివి వినిపిద్దామనుకుంటున్నాను, కూర్చుంటాడో లేచి వెళతాడో. వీలున్నప్పుడు ఒక ఆదివారం రా. మంచం అలాగే బిగించి ఉంది. ఉండటానికి కాదులే, పడుకుని మళ్ళీ వెళ్ళడానికే.

హాస్టల్లో వంట బాగుండదని, ఊళ్ళు తిరిగే రోజుల్లో బస్టాండులో బిస్కెట్లతో సరిపెడతావని నాకు తెలుసు. అలా చెయ్యకు. వేళకి కడుపునిండా అన్నం తిను.

మీ అమ్మ,
కృపావతి.